సాయంత్రానికి చెరిపేయాల్సిన మార్కులు

0.8, 0.35. ఈ రెండిట్లో ఏది పెద్దది?

దశాంశాలు చెప్పే టీచర్లందరూ ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్నే. ఇప్పుడు బోర్డు మీద రాసి "ఎవరు చెప్తారు?" అనాల్సిన పని లేదు. యాప్‌లో పెడితే ఎవరి తెర మీద వాళ్లు నొక్కుతారు, మరుక్షణం టీచరు ముందు పట్టీలు లేస్తాయి. 70 శాతం మంది కరెక్టు అనుకుందాం. పచ్చ పట్టీ పొడుగ్గా, ఎర్ర పట్టీ పొట్టిగా కనిపిస్తుంది. బాగానే వచ్చిందనుకుని తర్వాతి పాఠంలోకి వెళ్లిపోతాం.

నేను లెక్కలు చెప్తాను. ఆ పచ్చ పట్టీని నమ్మను.

0.35 పెద్దదన్న పిల్లల సంగతి తేలిగ్గానే తెలుస్తుంది. చుక్క ఉన్నా లేకపోయినా వాళ్లకి అది ముప్పై అయిదే, రెండోది ఎనిమిదే. అసలు చిక్కు 0.8 అన్నవాళ్లతో. వాళ్లలో కొందరు స్థానవిలువ తెలిసి చెప్పారు. ఇంకొందరు "చుక్క తర్వాత అంకెలు తక్కువుంటే సంఖ్య పెద్దది" అనే సొంత సూత్రం పట్టుకుని చెప్పారు. పదోవంతు కంటే నూరోవంతు చిన్నదని ఎప్పుడో విన్నారు. దాన్ని సాగదీసి, నూరోవంతుల దాకా వెళ్లిన సంఖ్య ఏదైనా పదోవంతుల దగ్గర ఆగిన సంఖ్య కంటే చిన్నదే అని తీర్మానించుకున్నారు. ఈ పిల్లల్ని 0.4, 0.46లలో ఏది పెద్దదని అడిగి చూడండి. 0.4 అంటారు. తమాషా ఏమిటంటే, మొదటి ప్రశ్నలో తప్పిన గుంపు ఈ రెండో ప్రశ్నలో ఠక్కున రైటు చెప్తుంది, నలభై ఆరు నాలుగు కంటే పెద్దది కాబట్టి.

ఇప్పుడు మార్కులు వేయండి. నిడివి ఎక్కువైతే పెద్దదనుకునే పిల్లకి రెండింటికి ఒకటి. నిడివి తక్కువైతే పెద్దదనుకునే పిల్లాడికీ రెండింటికి ఒకటే. ఇద్దరికీ 50 శాతం, ఇద్దరి పేర్ల పక్కనా అదే పసుపు రంగు. వాళ్ల బుర్రల్లో ఉన్నవి మాత్రం పూర్తిగా వ్యతిరేక సూత్రాలు. ఒకరికి పనికొచ్చే వివరణ రెండోవారి తప్పును ఇంకా గట్టి చేస్తుంది. "పదోవంతు పెద్దది, నూరోవంతు చిన్నది" అని మళ్లీ చెప్పారనుకోండి, మొదటి పిల్లకి అది కావాల్సిన మాటే. రెండో పిల్లాడు మాత్రం "నేను అనుకున్నదే కదా" అని తల ఊపుతాడు.

క్లాసులో టెక్నాలజీతో అంచనా వేయడం అంటే నాకు సంబంధించినంతవరకు ఈ ఇద్దర్నీ విడదీసి చూపించడం. పీరియడ్ అయిపోయేలోపు చూపించాలి. అది చేయగలిగిన సాధనం ఎంత చవకదైనా పనికొస్తుంది. చేయలేనిది ఎన్ని రంగుల్లో రిపోర్టులిచ్చినా దండగే. ఇంకో మాట కూడా అంటాను, చాలామంది తోటి టీచర్లకి నచ్చదు: క్లాసు మధ్యలో ఇలా వచ్చిన మార్కులు పిల్లల పేర్లతో ఎక్కడా నిలవ ఉండకూడదు. సాయంత్రానికి చెరిపేయాలి.

ఎందుకో చెప్పాలంటే ముందు బెన్నీ గురించి చెప్పాలి.

1973లో స్టాన్లీ ఎర్ల్‌వాంగర్ అనే పరిశోధకుడు ఒక వ్యాసం ప్రచురించాడు. అందులో బెన్నీ అని పిలిచిన కుర్రాడికి 12 ఏళ్లు, ఆరో తరగతి. ఆ స్కూల్లో లెక్కలు ఐపీఐ అనే పద్ధతిలో నడిచేవి. ప్రతి పిల్లాడూ తన వేగంతో వర్క్‌షీట్లు చేసుకుంటూ పోవాలి. మెట్టు చివర పరీక్ష ఉంటుంది, 80 శాతం వస్తే పై మెట్టుకి వెళ్లొచ్చు. దిద్దడం కీ చూసి జరిగిపోతుంది. కంప్యూటర్ లేదన్న మాటే గానీ ఇవాళ "ఎవరి వేగం వారిది" అని అమ్ముతున్న యాప్‌ల ఆలోచన అంతా అందులో ఉంది. బెన్నీ మెట్లు చకచకా ఎక్కుతున్నాడు. టీచరు దృష్టిలో బాగా చేసే పిల్లల్లో ఒకడు.

ఎర్ల్‌వాంగర్ చేసిందల్లా బెన్నీ పక్కన కూర్చుని, ఎలా చేశావని అడగడం. 5/10ని దశాంశంగా రాయమంటే బెన్నీ 1.5 అన్నాడు. అయిదూ పదీ కలిపితే పదిహేను, మధ్యలో చుక్క. అదే లెక్కన 4/11 కూడా 1.5, 11/4 కూడా 1.5. ఒకే జవాబు ఎలా వస్తుందన్న ఇబ్బంది అతనికి లేదు. 0.3, 0.4 కలిపితే 0.07 అన్నాడు, ఒక్కోదాంట్లో చుక్క తర్వాత ఒక్కో అంకె ఉంది కాబట్టి మొత్తంలో రెండు ఉండాలట. వీటన్నిటినీ మించి అతనికి గణితం మీద ఒక స్థిరమైన అభిప్రాయం ఏర్పడిపోయింది. సూత్రాలు ఎవరో ఎప్పుడో కూర్చుని తయారుచేశారు, ఒక లెక్కకి జవాబులు చాలా ఉండొచ్చు, మన పనల్లా కీలో ఉన్న జవాబు ఏదో కనిపెట్టడం. తను రాసిందీ, కీలో ఉన్నదీ ఒకే విలువ అని తెలిసినా, రూపం వేరైతే తప్పు పడుతుంది. ఆ అనుభవంలోంచి పుట్టిన అభిప్రాయం అది. వాడి చోట నేనున్నా అలాగే అనుకునేవాణ్ణేమో.

ఆ పద్ధతి బెన్నీ గురించి బోలెడు సమాచారం పోగుచేసింది. ఏ మెట్టు ఎప్పుడు దాటాడు, ఎంత శాతం వచ్చింది, అన్నీ ఉన్నాయి. 1.5 ఎలా వచ్చిందన్నది మాత్రం లేదు. 80 శాతం గీత దాటాక మిగిలిన 20 శాతంలో ఏముందో చూడాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు. నాకు పనికొచ్చే సరుకంతా ఆ 20 శాతంలోనే ఉంటుంది.

ఇలా ఎందుకవుతుందంటే, ఈ యంత్రాలు పుట్టిందే దిద్దే చాకిరీ తప్పించడానికి. అమెరికాలోని మిషిగన్‌లో రెనాల్డ్ జాన్సన్ అనే హైస్కూల్ టీచరు, పెన్సిల్ గీతలోని గ్రాఫైట్ కరెంటును పంపగలదన్న సంగతి పట్టుకుని పేపర్లు దిద్దే యంత్రం తయారుచేశాడు. ఐబీఎం ఆ ఆలోచన కొనుక్కుంది, ఆయన్నీ ఉద్యోగంలోకి తీసుకుంది. 1938లో 805 నంబరు మిషనుగా అది బజారులోకి వచ్చింది. బిట్ పేపర్లకి ప్రపంచమంతా దారి తెరిచిన వాటిల్లో అదొకటి. వేలమంది పేపర్లు దిద్దాల్సిన పరీక్షకి అలాంటి యంత్రం కావాలి, కాదనను. కానీ ముప్పై నలభై మంది ఉన్న గదిలో ఈ క్షణాన ఎవరికి ఏం అర్థమైందో తెలుసుకోవడం వేరే పని. దానికీ అదే యంత్రాన్ని, అదే అలవాటుతో తెచ్చి పెట్టాం.

అంతకు ముందే, 1920లలో, ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో సిడ్నీ ప్రెస్సీ చేసిన పెట్టె నాకు చాలా ఇష్టం. చిన్న కిటికీలో ప్రశ్న కనిపిస్తుంది, నాలుగు మీటలుంటాయి. దానికి రెండు పద్ధతులు పెట్టాడు. ఒక పద్ధతిలో ఏ మీట నొక్కినా తర్వాతి ప్రశ్న వచ్చేస్తుంది, లోపల కరెక్టు జవాబుల లెక్క మాత్రం నడుస్తూ ఉంటుంది. రెండో పద్ధతిలో రైటు మీట నొక్కేదాకా ప్రశ్న కదలదు. సరిగ్గా చేసిన పిల్లలకి మిఠాయి బిళ్ల రాల్చే అమరిక కూడా ఒకటి ఉండేది. వందేళ్ల తర్వాత ఆ బిళ్ల స్థానంలో నక్షత్రాలూ బ్యాడ్జీలూ వచ్చాయి, అంతే తేడా. లెక్కపెట్టాలా, నేర్పించాలా అని ఆ పెట్టెను అటూ ఇటూ మార్చుకోవచ్చు. ఇప్పటి యాప్‌లలో చాలావాటిని తెరవగానే లెక్కపెట్టే వైపే ఉంటాయి, రెండో వైపు ఎక్కడుందో సెట్టింగుల్లో వెతుక్కోవాలి.

వెతుక్కుంటే లాభం ఉంది. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి చేస్తున్న పని దీనికి మంచి ఉదాహరణ. కాసేపు పాఠం చెప్పి, లెక్క కట్టక్కర్లేని ఒక ప్రశ్న అడుగుతాడు, భావన అర్థమైతేనే జవాబు చెప్పగలిగేది. ఎవరికి వారు ఆలోచించుకుని ఓటు వేయాలి. రైటు చెప్పినవాళ్లు 30 శాతం లోపే ఉంటే పాఠం మళ్లీ చెప్పాలి. 70 దాటితే రెండు ముక్కల్లో వివరించి ముందుకెళ్లొచ్చు. మధ్యలో ఉంటే మాత్రం, పక్కవాళ్లతో వాదించి నీ జవాబు ఎందుకు సరైనదో ఒప్పించు అంటాడు. తర్వాత మళ్లీ ఓటు. ఆ శాతం ఎవరి ఖాతాలోనూ పడదు. వచ్చే అయిదు నిమిషాలు గదిలో ఏం జరగాలో చెప్పడానికి పుట్టింది, ఆ పని అయిపోగానే దానితో అవసరం తీరిపోయింది.

మొదట్లో ఈ ఓట్లు చేతులెత్తి వేసేవాళ్లు, కార్డులు చూపించేవాళ్లు, తర్వాత క్లిక్కర్లు (మీట నొక్కి ఓటేసే చేతి పరికరాలు) వచ్చాయి. క్లిక్కర్లతో చదువు పెరిగిందా? 2008లో నథానియల్ లాస్రీ ఇదే పద్ధతిని ఒక క్లాసులో క్లిక్కర్లతో, ఇంకో క్లాసులో మామూలు కార్డులతో నడిపి పోల్చి చూశాడు. నేర్చుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. టెక్నాలజీ అభిమానులు ఈ ఫలితాన్ని దాటేస్తారు, వ్యతిరేకులు జెండాలా ఊపుతారు. నాకు అర్థమైంది ఒకటే: పిల్లలకి మేలు చేసింది ప్రశ్నా, వాదనా. సాధనం టీచరుకి కాస్త సులువు చేసింది. ఆ సులువు చిన్నదేం కాదు, దాని కోసం డబ్బు పెట్టొచ్చు. పెట్టి, చదువు దానంతటదే పెరుగుతుందని కూర్చోకూడదు.

మరి పలకలు ఉండగా ఇవన్నీ ఎందుకు? ప్రతివాళ్లూ పలక మీద జవాబు రాసి ఒకేసారి ఎత్తి చూపిస్తే చాలదా? చాలా రోజులు చాలుతుంది, నేనూ వాడతాను. కానీ ఏ టీచరుకైనా తెలిసిన ఒక చూపు ఉంది. పలక ఎత్తే ముందు అర క్షణం పక్క పలక మీదకి వెళ్లొచ్చే చూపు. లెక్క రాని పిల్లలే అలా చూస్తారు, మనకి తెలియాల్సిందీ వాళ్ల సంగతే. వాళ్ల తప్పు మనకి చేరకముందే దిద్దుకుపోతుంది. అందుకే ప్లికర్స్ కార్డులంటే నాకు గౌరవం. కాగితం మీద అచ్చేసిన నలుపు తెలుపు గుర్తు, పిల్లకొకటి, ఏ రెండూ ఒకలా ఉండవు. దాన్ని నాలుగు వైపులా తిప్పొచ్చు, ఏ వైపు పైకి ఉంటే అది జవాబు. పక్కవాళ్లకి అర్థం కాదు. టీచరు ఫోన్ కెమెరా గది అంతా ఒకసారి తిప్పితే అందరి జవాబులూ వచ్చేస్తాయి. పిల్లల చేతిలో ఫోను గానీ ట్యాబు గానీ ఉండక్కర్లేదు, ఛార్జింగ్ అయిపోయిందన్న మాట లేదు.

అందరూ ఓటేసేదాకా ఆగాల్సి రావడం కూడా మంచిదే. మేరీ బడ్ రో అనే సైన్సు విద్యా పరిశోధకురాలు 1970లలో టీచర్ల ప్రశ్నలు రికార్డు చేసి విన్నది. ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను ఆగుతున్నారు. దాన్ని మూడు సెకన్లకి పెంచితే జవాబులు పొడుగయ్యాయి, మామూలుగా నోరు విప్పని పిల్లలూ మాట్లాడారు. క్లాసులో మూడు సెకన్ల నిశ్శబ్దం ఎంత పొడుగ్గా అనిపిస్తుందో పాఠం చెప్పినవాళ్లకే తెలుస్తుంది. "ఇంకా ఆరుగురు ఓటెయ్యాలి" అని తెర చెప్తుంటే ఆగడం తేలికవుతుంది.

అలాంటి సాధనంలోకి గడియారం తెచ్చిపెట్టడం నాకు మింగుడుపడదు. నార్వేలో పుట్టి 2013లో బయటికొచ్చిన కహూట్ అనే క్విజ్ యాప్ అంటే పిల్లలకి పిచ్చి. పాట మొదలవగానే గది లేచి కూర్చుంటుంది, ఆ హుషారుని తీసిపారేయలేను. కానీ మామూలుగా వదిలేస్తే అందులో ఎంత తొందరగా నొక్కితే అన్ని ఎక్కువ పాయింట్లు. 0.4, 0.46 ప్రశ్నకి రెండు సెకన్లలో జవాబు చెప్పే పిల్లలు ఎవరో మనకి తెలుసు: బాగా వచ్చినవాళ్లు, తప్పు సూత్రాన్ని ధీమాగా నమ్మేవాళ్లు. స్థానవిలువ గీసుకుని చూసుకునే పిల్ల మూడో ప్రశ్నకల్లా గీసుకోవడం మానేస్తుంది. పాయింట్లు లేకుండా పెట్టుకునే వీలు దాంట్లోనే ఉంది, వాడుకోవచ్చు. గెలిచినవాళ్ల పేర్లు తెర మీద నిలబెట్టే తంతు లేకపోతే పిల్లలకి సగం సరదా పోతుంది, ఆ నిష్ఠూరం భరించడానికి సిద్ధపడాలి.

ఇక నిలవ సంగతి.

నేను కొంతకాలం పనిచేసిన ఒక స్కూల్లో, క్లాసులో వాడే యాప్ నుంచి వారం వారం శాతాలు ఆఫీసుకి వెళ్లేవి. మొదట్లో అది ఎవరికీ పట్టలేదు. సెక్షన్ల వారీగా పోల్చి మీటింగులో చదవడం మొదలయ్యాక రెండు మార్పులొచ్చాయి. టీచర్లు శుక్రవారం ప్రశ్నలు తేలికవి పెట్టసాగారు. పిల్లలు జవాబు నొక్కే ముందు గుసగుసలాడసాగారు, మేం విననట్టు ఊరుకోసాగాం. శాతాలు పెరిగాయి. పెరిగిన శాతాలు చూసి అందరూ సంతోషించారు. ఎవరికి ఏం రాలేదో తెలుసుకునే దారి మాత్రం మూసుకుపోయింది. డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే సమాజ శాస్త్రవేత్త 1970లలోనే ఈ ధోరణిని పసిగట్టి రాశాడు: ఒక అంకె మీద నిర్ణయాలు ఆధారపడే కొద్దీ ఆ అంకె వంకర తిరుగుతుంది, అది కొలవాల్సిన పనిని కూడా వంకర తిప్పుతుంది. పరీక్షల మార్కుల్నే ఉదాహరణగా కూడా ఇచ్చాడు.

పిల్లలు మనకంటే తెలివిగా వంకర తిప్పుతారు. ర్యాన్ బేకర్, అతని సహచరులు 2004లో కంప్యూటర్‌తో లెక్కలు నేర్చుకునే పిల్లల్ని గమనించారు. కొందరు సూచన మీట వరసగా నొక్కుతూ పోతారు, చివరి సూచనలో జవాబే ఉంటుంది కాబట్టి. కొందరు ఒక్కో ఆప్షనూ నొక్కుకుంటూ పోతారు. అలా చేసే పిల్లలు మిగతావాళ్ల కంటే తక్కువ నేర్చుకున్నారని తేలింది. దీన్ని క్రమశిక్షణ సమస్యగా చూడటం సులువు. నాకైతే అది బెన్నీ తర్కంలానే కనిపిస్తుంది. తెర అడుగుతున్నది అర్థమైందా అని కాదు, దాటావా అని. పిల్లలు దాటుతున్నారు.

మార్కు కనిపించడమే ఒక దెబ్బ అనడానికి రూత్ బట్లర్ 1988లో చేసిన ప్రయోగం ఉంది. ఒక గుంపు పిల్లలకి చేసిన పని మీద వ్యాఖ్య మాత్రమే రాసిచ్చారు, ఒక గుంపుకి మార్కు మాత్రమే ఇచ్చారు, మూడో గుంపుకి రెండూ ఇచ్చారు. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు తర్వాతి పనిలో మెరుగయ్యారు. మార్కూ వ్యాఖ్యా రెండూ అందుకున్నవాళ్లు మార్కు మాత్రమే అందుకున్నవాళ్లలాగే ఉండిపోయారు. కష్టపడి రాసిన వ్యాఖ్య మార్కు పక్కన పడేసరికి ఎవరికీ పట్టలేదు. యాప్ ప్రతి ప్రశ్న తర్వాతా ముందు మార్కు చూపించి, కింద సన్నటి అక్షరాల్లో వివరణ పెడుతుంటే అది ఎవరు చదువుతారు?

మార్కు లేకపోతే పిల్లలు సీరియస్‌గా తీసుకోరని అంటారు. కొంత నిజం. కానీ ప్రశ్నకి జవాబు గుర్తు తెచ్చుకోవడమే ఒక చదువు. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చూపించింది ఇదే. ఒక పాఠ్యభాగాన్ని నాలుగుసార్లు చదివినవాళ్లకి, ఒకసారి చదివి మూడుసార్లు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకి అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే చదివినవాళ్లకి 40 శాతం గుర్తుంది, రాసినవాళ్లకి 61 శాతం గుర్తుంది. మధ్యలో రాసిన ఆ మూడింటికీ ఎవరూ దిద్ది ఇచ్చింది లేదు. చిన్న చిన్న పరీక్షలు తరచుగా పెట్టాలి, మార్కులు రికార్డు చేయనక్కర్లేదు అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

నా మాటకి గట్టి అభ్యంతరం ఇంకోటుంది. నిలవ లేకపోతే యంత్రం తెలివి పెరగదు కదా? ఒక పిల్లకి ఏం వచ్చో అంచనా వేసుకుంటూ తగిన ప్రశ్న ఇచ్చే పద్ధతులున్నాయి. కార్బెట్, ఆండర్సన్ 1995లో వివరించిన పద్ధతి నాలుగు అంకెలతో నడుస్తుంది: ముందే తెలిసి ఉండే అవకాశం, ఒక్కో ప్రయత్నంలో నేర్చుకునే అవకాశం, తెలియకపోయినా ఊహించి కొట్టే అవకాశం, తెలిసినా చెయ్యి జారే అవకాశం. ప్రతి జవాబుకీ అంచనా మారుతుంది, 0.95 దాటితే ఆ నైపుణ్యం వచ్చినట్టే. అందమైన గణితం అది. ఇంట్లో ఒంటరిగా సాధన చేసుకునే పిల్లకి పనికొస్తుంది, ఆ చోట నిలవ ఉండనివ్వండి. అయినా మామూలు రూపంలో ఆ పద్ధతికి తెలిసేవి రైటు, తప్పు అనే రెండు ముక్కలే. 26 అని తప్పు రాసినా, 99 అని తప్పు రాసినా దానికి ఒకటే.

26కి కథ ఉంది. 52లోంచి 38 తీసేయమంటే 26 రాసే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. రెండులోంచి ఎనిమిది పోదు కాబట్టి ఎనిమిదిలోంచి రెండు తీశారు. అప్పు తెచ్చుకోవడం రాదని కాదు, అక్కర్లేదని వాళ్ల నమ్మకం. జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ 1978లో తీసివేతల్లోని ఇలాంటి లోపాల్ని జల్లెడపట్టి, బగ్గీ అనే కంప్యూటర్ ఆట తయారుచేశారు. అందులో కంప్యూటరే పిల్లాడు. ఒక స్థిరమైన తప్పు సూత్రంతో లెక్కలు చేస్తుంది. టీచరు కొత్త లెక్కలిస్తూ ఆ సూత్రం ఏమిటో కనిపెట్టాలి. అంటే పరీక్ష టీచరుకి. దాదాపు యాభై ఏళ్ల కిందటి ఆ ఆట ముందు ఇవాళ్టి డాష్‌బోర్డులు (టీచరుకి ఫలితాలు చూపించే తెరలు) చాలావరకు వెలవెలబోతాయి. రెండు రకాల జబ్బులకి ఒకటే జ్వరం చూపించే థర్మామీటర్లు అవి.

తల్లిదండ్రులకి ఏం చెప్పాలి, హెడ్మాస్టరుకి ఏం చూపించాలి అన్న ప్రశ్నకి నా దగ్గర మర్యాదైన జవాబే ఉంది. దానికి టర్ము పరీక్షలున్నాయి, నోటు పుస్తకాలున్నాయి. చెప్పి పెట్టే పరీక్ష మార్కు రికార్డుల్లో ఉండటం న్యాయం, పిల్లకి ముందే తెలుసు కాబట్టి. పాఠం మధ్యలో తెలియక నొక్కిన జవాబు ఆ పిల్ల నాకు నమ్మి చెప్పిన మాట. దాన్ని ఆమె పేరుతో సర్వర్లో ఏళ్ల తరబడి ఉంచే హక్కు నాకు లేదు. అమెరికాలో ఇన్‌బ్లూమ్ అనే సంస్థ రాష్ట్రాల నుంచి విద్యార్థుల సమాచారం ఒకచోట పోగుచేయబోయింది. దాని వెనక 10 కోట్ల డాలర్ల నిధులున్నాయి. తల్లిదండ్రులు తిరగబడితే 2014లో మూతపడింది. అంత పెద్ద ఎత్తున కాకపోయినా ప్రతి ఉచిత యాప్‌కీ పిల్లల పేర్లిచ్చి లాగిన్ చేయించేటప్పుడు మనం చేస్తున్నది ఆ పనే. పేర్ల బదులు నంబర్లు వాడండి, నంబర్ల పట్టిక మీ డైరీలో రాసుకోండి. అయిదు నిమిషాల పని.

ఏఐ గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తాను. వ్యాసాలు దిద్దే కంప్యూటర్ కొత్తదేం కాదు, ఎల్లిస్ పేజ్ 1966లోనే మొదలుపెట్టాడు. ఎంఐటీలో రాయడం నేర్పిన లెస్ పెరెల్మన్ కొందరు విద్యార్థులతో కలిసి, అర్థంపర్థం లేని గంభీరమైన వ్యాసాలు పుట్టించే ప్రోగ్రామ్ ఒకటి 2014లో తయారుచేశాడు. దిద్దే యంత్రాలు వాటికి ఘనంగా మార్కులేశాయి. ఇప్పటి ఏఐని అంత తేలిగ్గా మోసం చేయలేకపోవచ్చు, అయినా మార్కు వేసే పని దానికి ఇవ్వను. పిల్లలు ఏఐతో రాశారేమో పట్టుకునే పనీ ఇవ్వను. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సొంతంగా తెచ్చిన గుర్తింపు సాధనం ఏఐ రాతల్లో 26 శాతాన్నే పట్టుకుంది, మనుషులు రాసిన వాటిలో 9 శాతాన్ని ఏఐ రాతలంది. 2023 జులైలో వాళ్లే తీసేశారు. అలాంటి దాన్ని నమ్మి పిల్లని నిలదీయడం దారుణం.

నేను ఏఐకి ఇచ్చేది ఒక చిన్న పని. "0.8 ఎందుకు పెద్దది, ఒక వాక్యంలో రాయండి" అని అడిగి, పేర్లు లేకుండా జవాబులన్నీ ఇచ్చి, ఒకేలా ఆలోచించిన వాటిని కుప్పలుగా పెట్టమంటాను. కుప్పలు చక్కగానే పెడుతుంది. ప్రతి కుప్పలోంచి రెండు మూడు నేను చదువుతాను, చదవకుండా దాని మాట తీసుకోను. బిట్లు తయారుచేయమంటే మాత్రం నాకు నచ్చేలా చేయదు. కరెక్టు ఆప్షన్ బాగానే ఉంటుంది, తప్పు ఆప్షన్లే ఏ పిల్లా చేయని తప్పులు. తప్పు ఆప్షన్లు ఊహించి రాసేవి కావు, ఏరుకొచ్చేవి. ముందు ఆప్షన్లు లేకుండా ప్రశ్న ఇవ్వాలి. వచ్చిన తప్పుల్లో ఎక్కువమంది చేసినవి తీసుకుని వచ్చే ఏడాది వాటినే ఆప్షన్లుగా పెట్టాలి. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా కొట్టినా నాలుగో వంతు రైటవుతుంది కాబట్టి ఐదోది "నాకు తెలియదు" అని పెడతాను. మార్కులు లేవని పిల్లలకి నమ్మకం కుదిరాక ఆ ఐదోదాన్ని నొక్కేవాళ్లు పెరుగుతారు. కుదరకముందు ఒక్కరూ నొక్కరు.

యాప్ అమ్మడానికి వచ్చినవాళ్లు ముందు రంగుల పటం చూపిస్తారు: ఊదా, పచ్చ, నారింజ, పిల్లల పేర్లు, బాణాలు. ఒకే ప్రశ్నకి వచ్చిన తప్పుల్ని ఆప్షన్ వారీగా చూపించమంటే చూపించగలరు. రెండు ప్రశ్నలు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో రైటై రెండోదాంట్లో తప్పిన గుంపును విడిగా చూపించమంటే ఆలోచిస్తారు. పేర్లు చెరిపి ప్రశ్నలూ తప్పులూ మాత్రం ఉంచుకునే మీట ఎక్కడుందంటే, ఎందుకండీ డేటా పోగొట్టుకోవడం అంటారు.

అందుకని నా నిలవ నేనే పెట్టుకున్నాను, మామూలు స్ప్రెడ్‌షీట్లో. ఒక్కో వరసకి ఒక ప్రశ్న. పక్క గడుల్లో దానికి వచ్చిన తప్పు జవాబులు, ఒక్కోటి ఏ ఆలోచనలోంచి వచ్చిందో ఒక ముక్క, ఎంతమంది చేశారో సుమారుగా, తర్వాత ఏం చెప్తే కుదిరిందో. పిల్లల పేర్లు ఎక్కడా లేవు. దశాంశాలు, భిన్నాలు, తీసివేతల వరసలు బాగా నిండాయి, రుణసంఖ్యలు సగం. బీజగణితం ఇంకా పలచగా ఉంది, ముఖ్యంగా బ్రాకెట్లు విప్పే దగ్గర, వర్గాల దగ్గర. మీ క్లాసులో పిల్లలు నిజంగా చేసిన తప్పులుంటే పంపండి, ఎలా చేశావని అడిగినప్పుడు వాళ్లన్న మాటతో సహా.